పద్నాలుగు రికార్డుల్లో ఆర్గిరిస్

"నేనేమంత గొప్ప చేశాను? మొదటి ఆల్బమ్‌లో పాట మధ్యలో ఒక తీగ తెగింది, మిగిలినవాటితో లాగించేశాను, అంతే," అని మొదలుపెట్టాడు ఆర్గిరిస్.

అతను వినయంగా మొదలుపెట్టాడంటే గ్రీసులోని ఆ వోలోస్ రేవులో అందరికీ భయమే. అతని కూతురు వాయా, వాళ్లు కూర్చున్న ఆ సిపురో సారా దుకాణం యజమానురాలు. వేయించిన చేపల పళ్లెం బల్లమీద పెడుతూ పళ్లు నూరుకుంది. ఈ కథ ఆమెకి కంఠతా వచ్చు. రోజూ అయితే మధ్యాహ్నం తాగుడుతో పాటు ఇదీ అయిపోయేది. ఇవాళ ఎదురుగా కూర్చున్నవాడు పురపాలక సంఘం గుమాస్తా ప్రోద్రోమోస్. పద్నాలుగు ఆల్బమ్‌లు అమ్మకాల్లో మొదటి స్థానంలో నిలబెట్టి అందర్నీ మించిపోయిన గాయకుడు వెర్గోస్‌కి ఆదివారం సన్మానం. ఆ రికార్డుల్లో వాయించినవాళ్లని వేదికెక్కించి మళ్లీ వాయింపజేస్తారట. వాళ్ల పేర్లు రాసుకోవడానికి వచ్చాడు. ఆర్గిరిస్‌కి ఆ పాటల్లో మోగే తీగల వాయిద్యం, బుజూకీ, తిన్నగా పట్టుకోవడం కూడా రాదు. ఆ సంగతి ఊళ్లో తెలిసింది వాయా ఒక్కదానికే.

"మరి వేళ్ల నొప్పులన్నావుగా మామా? ఈ ఊళ్లో ఒక్కసారైనా వాయించలేదు," అన్నాడు పక్క బల్ల దగ్గరున్న పడవలవాడు రిజోస్.

"ఆదివారానికి తగ్గుతాయిలేరా! నన్ను చెప్పనీ. రెండో ఆల్బమ్‌కి వెర్గోస్ గొంతు పూడుకుపోయింది. నేను బుజూకీతోనే మాటలు పలికించాను. వాళ్లావిడ రేడియోలో విని, మా ఆయన ఇంత బాగా ఎప్పుడు పాడాడని ఏడ్చింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? అయిదోది వచ్చిన రోజున స్కియాథోస్ దీవికి వెళ్లే ఓడలో ఆ రికార్డు పెట్టారు. ఓడ చేరింది, జనం దిగరే! కెప్టెన్ చేసేదిలేక మళ్లీ వెనక్కి తీసుకొచ్చాడు. మూడు రోజులు అటూ ఇటూ తిరిగారు."

"తిండి?" అన్నాడు రిజోస్.

"చేపలే వినడానికి పైకొచ్చాయి కదరా, పట్టుకు తిన్నారు! పదో ఆల్బమ్‌లో అసలు పాటే లేదు, నేను తీగలు శ్రుతి చేసుకోవడమే. పదకొండు నెలలు మొదటి స్థానం. రెండో స్థానం ఎవరిదనుకున్నావు? దానిదే, లోపల రికార్డు లేని ఉత్త అట్ట కవరుది! పన్నెండోది ఇంకా రికార్డు చెయ్యకముందే మొదటి స్థానానికి వచ్చేసింది. దాన్ని పట్టుకోవడానికి మేమే పరుగెత్తాల్సి వచ్చింది."

దుకాణమంతా నవ్వింది. గుమాస్తా మాత్రం కలం తీశాడు.

"పాట మధ్యలో మీ పేరు పిలిచారా?" అని అడిగాడు.

ఆ దేశపు రికార్డుల్లో అదే రుజువు. వాయించేవాడి వంతు రాగానే ఎవరో ఒకరు పేరుపెట్టి శభాష్ అని కేకవేయాలి. ఆ పేరు రికార్డులో పడితే ఇక వాణ్ణి ఎవరూ కాదనలేరు.

"పిలవడమా! పద్నాలుగింటిలోనూ శభాష్ ఆర్గిరిస్! రాసుకోండి, ఆర్గిరిస్..."

"రాయకండి," అంది వాయా.

ఇక్కడ నలుగురి ముందు తను తండ్రి నోరు మూయించకపోతే ఆదివారం నాలుగువేల మంది ముందు మూయించేవాడు వెర్గోసే అవుతాడు.

"వద్దే, లోపలికెళ్లు," అన్నాడు ఆర్గిరిస్.

"నీ పేరు కోసం చిన్నప్పుడు ఆ పద్నాలుగూ అరిగిపోయేదాకా విన్నాను నాన్నా. శభాష్ మానోలిస్ అని వచ్చింది. శభాష్ థోమాస్ అని వచ్చింది. నీ పేరు ఒక్కచోట లేదు. కానీ ఆ కేకవేసే గొంతు నీదే. స్టూడియోలో కాఫీలు అందించేవాడివి, గొంతు పెద్దదని నీచేత కేకలు వేయించుకున్నారు. నీ గొంతు నాకు తెలీదా?"

ఎవరూ నవ్వలేదు. తండ్రి బల్ల తన్నేసి, తనని నానా మాటలూ అని లేచిపోతే బాగుండునని వాయా మనస్ఫూర్తిగా కోరుకుంది. ఆ తిట్లన్నీ పడడానికి సిద్ధంగానే ఉంది.

ప్రోద్రోమోస్ గడ్డం గోక్కున్నాడు. అతనేం చెడ్డవాడు కాదు, పని కావాలంతే.

"అయితే మరీ మంచిది," అన్నాడు. "వాయించేవాళ్లు అయిదుగురు దొరికారు. కేకవేసేవాడే దొరకలేదు. వస్తారా?"

ఆర్గిరిస్ మూతి తుడుచుకున్నాడు. కూతురివైపు చూడలేదు. కుర్చీ గుమాస్తా దగ్గరికి జరుపుకున్నాడు.

"ఆ అయిదుగురి పేర్లు ఒకసారి చదవండి బాబూ," అన్నాడు మెల్లగా. "తప్పు పిలిస్తే వాళ్లు నొచ్చుకుంటారు."