ఏడో గీత

అబ్బే, పేరు వెయ్యలేదని కాదండీ నా బాధ! పేర్లు వెయ్యకూడదట, అది వాళ్ళ పద్ధతి. మొత్తం ఏడుగురం. ఒకటో మనిషి, రెండో మనిషి, అలా. నేను ఏడో మనిషిని.

కాదు, మొదట్నుంచీ చెబుతా. మీరు పోయి నాలుగేళ్ళయినా మీ కుర్చీ ఇంచి కూడా జరపలేదు నేను. కాస్త స్థిమితంగా కూర్చుని వినండి.

నిన్న యూనివర్సిటీకి వెళ్ళొచ్చాను. అవునండీ, నేనే! డిగ్రీ పిల్లలు ఏడాది పొడుగునా ఏం పరిశోధించారో, ఏం తయారుచేశారో అందరికీ చూపించే రోజట. ఆటలాడుకునే హాలనుకుంటా, నేలంతా రంగు గీతలు. వరసగా బోర్డులు. ఒక్కో బోర్డు ముందు ఒక్కో పిల్ల, ఇంటర్వ్యూకొచ్చినట్టు బిగుసుకుపోయి. ఒకమ్మాయి మట్టితో చెవులు చేసిందండీ, నలభై చెవులు! ఎందుకమ్మా ఇన్ని అంటే, "వినేవాళ్ళు తక్కువైపోయారు బామ్మగారూ" అంది. దాన్ని ఇంటికి తెచ్చేసుకుందామనిపించింది.

మన మనవరాలి బోర్డా? "అరవై దాటాక అక్షరాలు నేర్చినవాళ్ళు ఎలా చదువుతారు?" అదీ దాని పరిశోధన. సొంతవాళ్ళని పెట్టుకోవద్దన్నారట వాళ్ళ మేడమ్‌. సొంతవాళ్ళు నిజం చెప్పరు అన్నారట. ఏడో మనిషి దొరక్క, బతిమాలి నన్ను పెట్టుకుంది. మేడమ్‌ ఎంత తెలిసినావిడో చూడండి!

ప్రతి ఆదివారం నాలుగింటికి హాస్టల్‌ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. వారానికో కొత్త పేజీ. ఒకసారి నీళ్ళ ట్యాంకు కడిగే పద్ధతి, ఒకసారి తేనెటీగల సంగతి. నేను చదువుతుంటే అది ఫోన్లో సెకన్లు చూసుకునేది, తప్పు వచ్చినచోట చుక్క పెట్టేది. నిమిషంలోపు తప్పు లేకుండా వరసగా రెండు వారాలు చదివితే ఆ మనిషి పని అయిపోయినట్టే. ఇక వెళ్ళక్కర్లేదు.

చదివాక టీ తాగేవాళ్ళం. అది కాలు మీద కాలేసుకుని అచ్చం మీలాగే ఊదుకుంటూ తాగుతుంది.

మీకు గుర్తుందా? నేను ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంటే మీరు పేపరు చదివి వినిపించేవారు. నాకూ అక్షరాలు నేర్పండీ అంటే, "నేనుండగా నీకెందుకే?" అన్నారు. ఉన్నారా మరి? పోనీలెండి, దెప్పడం లేదు. మీరు వెళ్ళాకే కదా సాయంత్రం బడికి వెళ్ళింది.

సరే, బోర్డు మీద ఏడు గీతలు, ఒక్కొక్కరి చదువు వేగం. ఆరు గీతలు మెట్లెక్కినట్టు పైకెళ్ళి ఆగాయి. ఏడోది ఆరో వారం దాకా అలాగే ఎక్కి, ఆ తర్వాత ఎండలో పిల్లిలా అడ్డంగా పడుకుంది. కింద రాసింది: "ఏడో మనిషిలో ఆ తర్వాత ఎదుగుదల లేదు. వయసు కారణం కావచ్చు."

అది టీ తెస్తానని వెళ్ళింది. నేను కాపలా. అప్పుడే ఒక పెద్దాయన వచ్చాడు, ఎవరో పిల్లకి తాత. కళ్ళజోడు మరిచిపోయాడు పాపం. "ఏవమ్మా, ఇదేమిటో కాస్త చదివి పెడతారా?" అన్నాడు.

నన్ను! నన్నండీ! ఈ జన్మలో నన్నలా అడిగిన మనిషి లేడు. ఒళ్ళు తెలియలేదు. పైనుంచి కిందదాకా గడగడా చదివేశాను. "చక్కగా చదివారమ్మా" అని ఆయన వెళ్ళాడు.

తిరిగి చూద్దును కదా, రెండు కాగితపు కప్పులతో అది నా వెనకే నిలబడి ఉంది.

మీరూ తెల్లబోయారేం? అవును. నాకు చదవడం ఎప్పుడో వచ్చేసింది. ఏడో వారం దాని ముందు కూర్చున్నప్పుడే తెలిసింది, గడగడా వచ్చేస్తుందని. మిగతావాళ్ళు ఒక్కొక్కరే గట్టెక్కారు. దానికి వాళ్ళ ఇళ్ళకి వెళ్ళే పని తప్పింది. నేను మాత్రం తేనెటీగలాంటి తేలిక మాట దగ్గర కూడా ఆగేదాన్ని. ఒత్తులు మింగేదాన్ని. ఉత్తినే కళ్ళజోడు తీసి తుడిచేదాన్ని. "పర్లేదు అమ్మమ్మా, వచ్చే వారం చూద్దాం" అనేది. ఆ మాట కోసమేనండీ. ఆరు వారాలు.

దాని చదువు పాడవుతుందని తోచలేదా అంటారా? తోచలేదు. ఒట్టు. అది ఇంత పెద్ద బోర్డెక్కుతుందని నేను కలగన్నానా?

అది కోప్పడలేదు. ఫోన్‌ కేసి చూసుకుని, "నలభై రెండు సెకన్లు" అంది. అంతే. అలవాటు కదా, లెక్కపెట్టేసింది.

ఇంతలో మార్కులు వేసేవాళ్ళు ఇద్దరు వచ్చారు. అందులో ఒకావిడ నా గీత మీద వేలు పెట్టి, "వీరి కంటే పెద్దవాళ్ళు ఇద్దరు గట్టెక్కారుగా? మరి వీరికేమైంది?" అంది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నేనే ఆవిడని, నాదే తప్పు అంటే సరిపోయేది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

మన పిల్ల నా వైపు చూడలేదు. "ఆ గీత తప్పండీ" అంది. "ఆవిడ చదవగలరు. ఎందుకు చదవలేదో నేను అడగలేదు." కింద రాసిన వాక్యం పెన్నుతో కొట్టేసింది, అందరి ముందూ.

బహుమతి మట్టి చెవుల పిల్లకి వచ్చింది.

బస్టాపు దాకా నా చెయ్యి పట్టుకునే వచ్చింది. బస్సు వచ్చాక మాత్రం అంది: "అమ్మమ్మా, ఊరికే రమ్మని ఒక్క మాటంటే రానా?"

ఏం చెప్పను? యాభై ఆరక్షరాలూ వచ్చాయి, ఆ ఒక్క మాటా నోటికి రాలేదు.

ఇవాళ ఆదివారం. నాలుగున్నరయింది. ఫోన్‌ రెండుసార్లు చేతిలోకి తీసుకుని పెట్టేశాను. దానికి పరీక్షలు, దానికి స్నేహితులు... ఏమో.

కప్పులు రెండు పెట్టాను, అలవాటు కొద్దీ. ఒకటి తీసేస్తాలెండి.

రండి, ఈ తేనెటీగల పేజీ మీకే చదువుతాను. మొదటిమాటు చివరిదాకా, తడబడకుండా. మీ ముందు తప్పులు చదవక్కర్లేదు కదా. మీరెలాగూ వెళ్ళిపోయారు.