దుకాణం మూసిన నాడు క్రీస్తుదాసు గారు అడిగిన ప్రశ్న

1972 జూలై 18వ తేదీన, ఇల్లందు మీద మబ్బు దిగి, వాన మాత్రం పడక ఆగి ఉన్న ఉదయాన, శ్రీ క్రీస్తుదాసు గారు కానిస్టేబుల్‌గా విధుల్లో చేరారు. గొడుగు తేవాలా వద్దా అని ఆలోచించి, చివరికి తేకుండానే వచ్చారట. ఆ తరువాత కొత్తగూడెంలో పదకొండేళ్లు, మిగిలిన కాలమంతా భద్రాచలం దారిలోని అడవి ఠాణాల్లో పనిచేసి, హెడ్ కానిస్టేబుల్‌గా ఈ 2008 జూలై నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఎక్కువ మాట్లాడే అలవాటు నాకు లేదు. వారి పక్కన ఆరేళ్లు పనిచేసి చూసింది రాస్తాను.

వారిది అడిగి తెలుసుకునే స్వభావం. నేరస్థుణ్ణే కాదు, తేనె తీసేవాణ్ణి, దవాఖానా ఆయమ్మను కూడా అడిగేవారు. 2005 వేసవిలో వాగవతలి గూడెంలో నిద్రమాత్రల పొడి కలిపిన కల్లు అమ్మే దుకాణాన్ని మూయించి, మంచి పని చేసినమని మేమంతా చాయ్ తాగుతుంటే, వారొక్కరే గ్లాసు పక్కన పెట్టి, "దుకాణం మూసినం సరే. దినాం తాగెటోడు రేపు పొద్దుగాల ఏం చేస్తడు?" అన్నారు.

వారే దవాఖానాకు పోయి డాక్టర్ ఫ్లోరెన్స్ గారిని అడిగితే, ఒక్కసారే మానినవారికి ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చుననీ, మందులిస్తూ మెల్లగా మాన్పించాలనీ చెప్పారు. మరునాడే క్రీస్తుదాసు గారు గూడెం బడిలో మందుల శిబిరం పెట్టించారు.

అక్కడ తప్పు చేసింది నేను. ఠాణా అలవాటుగా ఇంకుప్యాడు తీసి, వచ్చిన పదకొండు మంది వేలిముద్రలు ఒకే తెల్లకాగితం మీద వేయించాను. కేసు పెడుతున్నామనుకొని, మందు తీసుకోకుండానే అందరూ వెళ్లిపోయారు.

"ఏం రమణా, జ్వరమొచ్చినోని దగ్గర గూడ వాంగ్మూలం తీసుకుంటవా?" అన్నారు వారు.

అలా వెళ్లిపోయినవారిలో దూలయ్య అనే అతనికి అప్పటికే చేతులు వణుకుతున్నాయి. టోపీ, బెల్టు జీపులో పెట్టి, జీపును బడి దగ్గరే వదిలి, నన్ను వెంటబెట్టుకొని వారు అతని గుడిసెకు నడిచారు. గుడిసె ముందు దూలయ్య భార్య కొండమ్మ అడ్డం నిలబడ్డది.

"మా ఆయన లేడు."

"మరి లోపల దగ్గేదెవరు చెల్లె?"

"మేక."

"అయితె ఆ మేకకు ఇయ్యాల్నే మందు పడాలె. లేకుంటె పానం మీదికొస్తదంటున్నది డాక్టరమ్మ."

ఆమె నవ్వలేదు. "మీ కాయిదం మీద ఏలుముద్ర ఉన్నది సారు. పట్కపోతరు."

వారు నా చేతిలోని కాగితం తీసుకొని ఆమెకిచ్చారు. "ఇగ ఇది నీది. కాలబెట్టుకుంటవో, దాసుకుంటవో."

కొండమ్మ దాన్ని పొయ్యిలో వేసి, పూర్తిగా కాలేదాకా చూసి, పక్కకు జరిగింది.

ఆ సాయంత్రం దూలయ్య బడికి వచ్చాడు. అతన్ని చూసి మిగిలినవారు వచ్చారు. నెలరోజులు క్రీస్తుదాసు గారు మామూలు బట్టల్లో పోయి, అందరూ మాత్ర మింగేదాకా పక్కన కూర్చునేవారు. ఇద్దరు మళ్లీ తాగుడు మొదలుపెట్టారు. వాళ్ల గడపలు తొక్కడం కూడా వారు మానలేదు.

శ్రీ క్రీస్తుదాసు గారు, వారి సతీమణి విశ్రాంతమ్మ గారు ఆయురారోగ్యాలతో, కాళ్లలో సత్తువ తగ్గకుండా నిండు నూరేళ్లు జీవించాలని మా ఠాణా సిబ్బంది అందరి తరఫున మనసారా కోరుకుంటున్నాను.

ఒక్కటి చెప్పి ముగిస్తాను. శిబిరం తొమ్మిదో రోజు మధ్యాహ్నం దూలయ్య మొదటిసారి ఆకలి అన్నాడు. కొండమ్మ జొన్నరవ్వతో వండిన గటక, పచ్చిపులుసు తెచ్చి అందరికీ గిన్నెల్లో పోసింది. అతని చెయ్యి రెండుసార్లు తడబడి, మూడోసారి ముద్దను నోటిదాకా తీసుకుపోయింది. బడి వసారాలో దూలయ్య, కొండమ్మ, క్రీస్తుదాసు గారు, నేను, నలుగురం గిన్నెలు ఖాళీ అయ్యేదాకా తిన్నాం.