ముడుచుకుపోయిన సీతమ్మ

2004లో ధర్మవరంలోని ఒక కల్యాణమండపంలో, బెంగళూరు నుంచి వచ్చిన సురేంద్ర పాతకాలపు మేజిక్ లాంతరు వెలిగించి, గాజుపలక మీది మంటల బొమ్మను తెరపై పడేలా చేశాడు. ఆ మంటల్లో ఈరన్న తోలుబొమ్మ సీతను నడిపించాడు. ఆట ముగియగానే సురేంద్ర అతని దగ్గరికి వచ్చాడు.

“చప్పట్లు విన్నారా ఈరన్నా? జనం లేచి నిలబడ్డారు!”

“సీతమ్మ కాలిపోయింది సార్.”

“ఏమిటీ?”

“లాంతరుకు దగ్గరగా పట్టుకోమంటిరి గదా. ఆ వేడికి తోలు ముడుచుకపోయింది. చూడండి, మొగమే లేదు.”

“అయ్యో! తెర మీద మెలికలు తిరుగుతుంటే, మీరే ఆడిస్తున్నారనుకున్నాను.”

“నేను వెనక్కి లాగేలోపే అయిపాయ. మా నాయన చేసిన బొమ్మ సార్ ఇది. కథలో సీతమ్మ నిప్పుల్లోనుంచి బయటికి వస్తాది. ఈ పొద్దు రాలేదు. అయినా జనం చప్పట్లు కొట్టినారు.”

“అందుకే అంటున్నా. రేపు అనంతపురంలోనూ ఇలాగే చేద్దాం. ఆటకొక కొత్త బొమ్మ నేను కొనిస్తాను.”



“ఆటాటకూ సీతమ్మను కాల్చాలనా?”

“జనానికి నచ్చింది కదా ఈరన్నా!”

ఈరన్న రాముణ్ణి, లక్ష్మణుణ్ణి పెట్టెలో పెట్టి మూత వేశాడు. ముడుచుకుపోయిన సీతను తువ్వాలులో చుట్టి చేతుల్లోకి తీసుకున్నాడు.

“ఎక్కడికి?”

“చిత్రావతికి. మాలో బొమ్మ పాడైతే మనిషిని సాగనంపినట్ల ఏట్లో సాగనంపుతాము.”

“ఏట్లో చుక్క నీళ్లు లేవు కదా!”

“ఇసుక ఉండాది గదా సార్.”