ఎండ పక్క సీటు

రెండు వేల నాలుగులో, అమ్మవారి జాతర ముందు, కాకినాడ ఆసుపత్రి నుంచి పెద్దాపురం వెళ్ళే మధ్యాహ్నం మూడు గంటల బస్సులో అత్తాకోడళ్ళు కూర్చున్నారు. అసలు మాట ఎలా చెప్పాలో కోడలికి తోచడం లేదు.

“లూపస్ అన్నారు గదా, ఇంతకీ అదేంటంట అమ్మాయ్?”

“ఒంట్లో చచ్చిన కణాల చెత్త ఉంటుందటండి. కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు దానికి గుర్తు పెడతాయట. ఎర్రకణాల మీద రిసెప్టర్లని, కొక్కేల్లాంటివి ఉంటాయట. ఎర్రకణాలు వాటితో ఆ గుర్తు పట్టుకుని చెత్తని లివర్‌కి మోసుకుపోతాయట. నాకా కొక్కేలు తక్కువట.”

“మరి ఆ చెత్తంతా ఏమవుతుంది?”

“కిడ్నీల్లో పేరుకుని వాపొస్తోందట.”

“డ్రైన్లో గుర్రపుడెక్క పట్టి చేలు మునిగినట్టు.”

“అంతేనండి. ఎండ తగిలితే చెత్త ఇంకా పెరుగుతుందట. ఎండలోకి వెళ్ళొద్దన్నారు.” కోడలు గొంతు తగ్గించింది. “జాతరలో నేను ఎండలో నెత్తిన ఘటం ఎత్తుతానని మీరు మొక్కుకున్నారు గదండీ.”



“మొక్కింది నేను. నేనే ఎత్తుతాను.”

“మీ మోకాళ్ళతోనా అండీ?”

“అమ్మవారికి చెప్పుకుంటాలే. మా పిల్ల ఒంట్లో మోసేవాళ్ళు చాలటం లేదమ్మా, అందుకే నేనొచ్చానని.”

సామర్లకోట దాటాక బస్సు మలుపు తిరిగింది. ఎండ కిటికీలోంచి కోడలి ఒళ్ళో పడింది.

“లే అమ్మాయ్, ఇటు రా. అటు నేను కూర్చుంటాను.”