పచ్చగడ్డిలో రేకుల గుడిసె

1986. గల్ఫ్‌లో, రాస్ అల్ ఖైమా లేబర్ క్యాంపులో పగటన్నం కింద పరిచిన పాత ఇంగ్లీషు పేపర్లో ఒక ఫోటో మీద వడ్రంగి భోజన్న కన్ను నిలిచింది. పెద్ద కాలేజీ ముందు, పచ్చగడ్డిలో, రేకుల గుడిసె.

"హన్మంతూ, పది సదివినవు గద. ఇదేడిది?"

"అమెరికాది కాకా. కాలేజీ పోరగాళ్లు కట్టుకొని అండ్లనే పంటున్నరట."

"తలుపు వంకర బిగించిన్రు. ఇండ్లు లేవా వాళ్లకు?"

"ఉన్నయి. సౌతాఫ్రికల తెల్లోళ్లు నల్లోళ్లను గిసొంటి గుడిసెలల్ల తొక్కిపెట్టిన్రట. ఆడ దందా జేసే కంపెనీలల్ల కాలేజీ పైసలున్నయట. అవి వాపసు తీసేదాంక లేవమంటున్నరు."

"ఆ నల్లోళ్లు వీళ్లకు చుట్టాలా?"

"మొకం గూడ సూసి ఉండరు."

భోజన్న చేతిలో ముద్దను పళ్లెంలో పెట్టేశాడు.

"మన లచ్చన్న మొకం రోజూ సూస్తున్నం. బిడ్డ దవఖానల పడ్డదని టెలిగ్రామొచ్చి వారమాయె. ఇంటికి పోతనంటె కంపెనీ పెద్ద సారు, గా ముదీర్, పాస్‌పోర్టు ఇస్తలేడు."

"అయితే?"

"రేపు ముదీర్ ఆఫీసు ముంగట లచ్చన్న పక్కన కూసుంట. పాస్‌పోర్టు ఇచ్చేదాంక లేవ."

"ఖలాస్! నిన్ను గూడ ఇంటికి తోలుతడు. అయినా వాళ్లకు గడ్డి ఉన్నది, మనకు కాలే కంకర."

"షట్టరింగు పలక ఏసుకుంట."

హన్మంతు ఫోటో మీద పడ్డ మెతుకులు దులిపాడు.

"పొడుగుది తే కాకా. ముగ్గురం కూసుంటె పట్టాలె."