బండి వెనక చెప్పు

కదిరి మార్కెట్టు బయట కొత్త పికప్ బండి పక్కన ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు దాన్ని కొన్నవాడు. రెండోవాడి పాత ట్రాలీ ఆటో వెనకాలే ఆగి ఉంది.

"ఎట్ల నడుస్తాండాదప్పా?"

"గుట్ట మీద కూసున్నెట్ల ఉంటాదన్నా. రోడ్డంతా కనపడ్తాది. స్టీరింగు ఒంటిచేత్తో తిప్పొచ్చు."

"డీజిలు బాగా తాగుతాదంట గదా?"

"లేదన్నా, లోడు మీద గూడా తక్కువే."

"వాన్లే లేవు, శెనక్కాయ ఎండిపాయ. ఇంగ దేన్ని మోస్తావు?"

"గొర్రెల్ని. తనకల్లు ఊరోళ్ళు మందంతా సంతకు తోలమన్నారు."

"ఇన్నాళ్ళూ వాళ్ళు నా ఆటోనే పిలుస్తాండ్రి."

"నీ ఆటోలో అన్ని పట్టవు గదన్నా."

"పెయింటు పల్చగుండాది. మన ఎండకు నిలవదు."

"ఒక్క మంచిమాటన్నా చెప్పన్నా!"

"వెనకాల ఆ పాత చెప్పేంది?"

"దిష్టి తగలకుండా కట్టినా."

"నా చెప్పు మాదిరుండాదే!"

"నీదేన్నా. బండి పూజనాడు బొటనేలు పట్టే ఉంగటం తెగిందని మా వాకిట్లో ఇడిచిపోయినావు గదా."

ఆటో అతను చెప్పు వైపు, బండి వైపు మార్చి మార్చి చూశాడు.

"రెండోది ఇంట్లో ఉండాది, పంపిస్తాలే. ఒకటి సాలదు."