మూత తీసిన మెషిన్

అధ్యక్షస్థానంలో ఉన్న మన ఎం.డి. గారికి, ఆయన పక్కన కూర్చుని నేనెప్పుడు ముగిస్తానా అని ఇప్పటి నుంచే గడియారం చూసుకుంటున్న ప్రొడక్షన్ మేనేజర్ గారికి, ప్రదర్శనల ప్లానింగ్ అంతా తన భుజాల మీద మోసే మా టేపు మేడమ్ గారికి (నవ్వులు) – నవ్వకండి, ఆవిడ పేరు కన్నా చేతిలో ఉండే ఆ కొలతల టేపే అందరికీ ముందు గుర్తొస్తుందని ఆవిడకీ తెలుసు – షాపుఫ్లోర్ మిత్రులకి, నాకంటే పెద్దవాళ్ళకి, నాకంటే చిన్నవాళ్ళయి ఉండి నాకంటే ముందే బట్టతల తెచ్చుకున్నవాళ్ళకి, ఆ చివర గోడ పక్కన కూర్చుని ‘ఎక్కువ మాట్లాడకు’ అని కళ్ళతోనే చెబుతున్న మా ఆవిడకి, పేరుపేరునా నమస్కారం. రెండు చేతులూ జోడించి చెప్పాల్సిన మాట ఇది. కుడి చేతికి బొటనవేలొక్కటే మిగిలింది కాబట్టి జోడించగలిగినంత జోడించాను, తక్కినది మీరు సర్దుకోండి.

ఇక్కడ నవ్వొచ్చు. నేను జోకే వేశాను. ఇంట్లో ఇంతకన్నా పెద్దవే వేస్తుంటాను, మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

కొత్తగా చేరినవాళ్ళు కొంతమంది కనిపిస్తున్నారు. నేనెవరో తెలియకుండానే వాళ్ళచేత నా వీడ్కోలు టీ తాగించారు, అందుకని వాళ్ళ కోసం రెండు ముక్కలు. మన కంపెనీ అట్టపెట్టెలు చేసే మెషిన్లు తయారుచేస్తుంది కదా, ఆ మెషిన్‌ని వ్యాపార ప్రదర్శనల్లో, కొనేవాళ్ళ కళ్ళెదుట, పొద్దున తలుపులు తీసిన దగ్గర్నుంచి సాయంత్రం దీపాలార్పేదాకా నడిపి చూపించడం నా ఉద్యోగం. అందుకే ‘డెమో మాస్టారు’ అన్న పేరు పడింది. ఒక పక్క నుంచి అట్ట పెడతాను, లోపల బ్లేడు కోస్తుంది, రెండో పక్క నుంచి పెట్టె బయటికొస్తుంది. అంతే, కోట్ల వ్యాపారం చేసేవాళ్ళు కూడా పసిపిల్లల్లా నోరు తెరిచేవాళ్ళు. ఒకసారి ఒకాయన ప్రదర్శన జరిగినన్నాళ్ళూ రోజూ వచ్చి, మెషిన్ గురించి లోతైన ప్రశ్నలన్నీ అడిగి, నమూనాకని చెప్పి పెట్టెలు చంకన పెట్టుకుపోయేవాడు. పెద్ద ఆర్డరే తగులుతుందని మేమంతా ఆయనకి కుర్చీ వేసి, కాఫీలు తెప్పించి, అల్లుడికి చేసినట్టు మర్యాదలు చేశాం. చివరి రోజున తేలిందేమిటంటే, ఆయన ఇల్లు మారుతున్నాడు. (నవ్వులు)

బయటివాళ్ళకి స్టాల్ అంటే మూడు గోడలు, నాలుగు దీపాలు, ఒక గిన్నెలో చాక్లెట్లు. దాని వెనక ఎంత తతంగముందో మేడమ్ గారిని అడగండి. ప్రదర్శన ఇంకా నెలల దూరంలో ఉండగానే ఆవిడ వెళ్ళి ఖాళీ హాల్లో ఒక్కరూ తిరిగేవారు. జనం ఏ గుమ్మంలోంచి లోపలికొస్తారు, ఎక్కడ మలుపు తిరుగుతారు, కాఫీ అమ్మే చోటు ఎటుంది, మెషిన్ బరువుకి నేల ఆగుతుందా, కరెంటు ఎక్కడి నుంచి లాగాలి, అన్నీ చూసుకుని గానీ స్టాల్ ఎక్కడ కావాలో చెప్పేవారు కాదు. ఒక ఏడాది ఆవిడ సెలవులో ఉంటే మేమే మొనగాళ్ళలా వెళ్ళాం. తీరా చూస్తే గుమ్మం మెషిన్ కన్నా జానెడు సన్నం. నడిరోడ్డు మీద, వర్షంలో, మెషిన్‌ని ముక్కలుగా విప్పాం. అప్పటి నుంచి ఆవిడ మా ఇంటికి భోజనానికొచ్చినా గుమ్మం వెడల్పు చూసి గానీ లోపలికి రారు. (నవ్వులు) ఆవిడ చెప్పే మాట ఒకటుంది, నేర్చుకోదగింది: జనం మన కోసం రారు, దారిన పోతుంటారు, చూపు ఆగితే కాలు ఆగుతుంది, కాలు ఆగితే నోరు విప్పుతారు. ఆ మాటలో తప్పేం లేదు. దాన్ని ఎంతదాకా లాగామన్నదే నా గొడవ.

మన మెషిన్‌కి ఇనప మూత ఉంటుంది. మూత ఎత్తగానే మెషిన్ దానంతటదే ఆగిపోతుంది. ఎంత తొందరలో ఉన్నవాడైనా, ఎంత పరధ్యానంలో ఉన్నవాడైనా, బ్లేడు ఆడుతుండగా లోపల చెయ్యి పెట్టలేడు. తయారుచేసినవాడికి బుర్రుంది. కానీ మూతేసిన మెషిన్ చూడ్డానికి బట్టల బీరువాలా ఉంటుంది, ఆ సంగతి నేనూ ఒప్పుకుంటాను. రెండేళ్ళ కిందటి ప్రదర్శనలో మొదటి రోజంతా జనం ఎదుటి స్టాల్ రంగు దీపాల దగ్గరే గుమిగూడారు, మన దగ్గరికి చాక్లెట్ల కోసమే వచ్చారు. సాయంత్రం ఎం.డి. గారొచ్చి, “బీరువా చూడ్డానికి ఎవరొస్తారండీ మాస్టారూ? ఆ మూత తీయించెయ్యండి, బ్లేడు కనపడాలి” అన్నారు. మేడమ్ గారు, గాజులా కనిపించే ప్లాస్టిక్ మూత ఒకటి చేయిద్దామన్నారు. దాని మీద దీపాల వెలుగు పడితే ఫోన్లలో వీడియో సరిగా రాదన్నారు ఎం.డి. గారు. నేను వద్దన్నాను. మీకు గుర్తుందో లేదో సార్, చాలా గట్టిగానే వద్దన్నాను. “మీకేం భయమండీ, మీ చేతులకి కళ్ళున్నాయి” అన్నారు. మెచ్చుకునేవాడితో ఎవడు పోట్లాడతాడు? మెయింటెనెన్స్ అతను వచ్చి మూత విప్పేసి, మూత ఉందని మెషిన్‌ని నమ్మించడానికి స్విచ్ దగ్గర చిన్న చెక్కముక్క దూర్చి వెళ్ళాడు. అతన్ని అనేదేం లేదు, చెప్పిన పని చేశాడు. ఫ్యాక్టరీలో మూత లేకుండా నడిపితే ఉద్యోగం పోతుంది, ప్రదర్శనలో మూత పెట్టి నడిపితే ఉద్యోగం పోతుంది, మన బతుకులింతే అని ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

మర్నాడు మన స్టాల్ దగ్గర ఇసకేస్తే రాలనంత జనం.

ఆ మధ్యాహ్నం, భోజనాల వేళ, ఒక జంట వచ్చి నిలబడ్డారు. ఆయన భుజం మీద చంటిపిల్ల. “పల్చటి అట్ట పెడితే కూడా పోతుందాండీ?” అని అడిగాడు. పోతుందని పెట్టాను. ఇరుక్కుంది. ఈ పని చేసినవాళ్ళకి తెలుసు, అట్ట ఇరుక్కుంటే మనం ఆలోచించం. ఎడం చెయ్యి మూత ఎత్తుతుంది, మెషిన్ ఆగుతుంది, కుడి చెయ్యి అట్ట లాగేస్తుంది. నా ఎడం చేతికి ఎత్తడానికి మూత లేదు. కుడి చేతికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, తన పని తను చేసుకుపోయింది. నొప్పి కూడా తెలియలేదండీ. ఆ తండ్రి గబుక్కున పిల్ల కళ్ళు మూయడం కనిపించింది. ఎందుకు మూస్తున్నాడా అని అప్పుడు కిందకి చూసుకున్నాను.

(ఎవరో నీళ్ళ గ్లాసు అందిస్తారు)

నీళ్ళు వద్దమ్మా, బాగానే ఉన్నాను.

కంపెనీ నన్ను గాలికొదిలేసిందని నేననను. వైద్యమంతా చేయించారు, ఎం.డి. గారు స్వయంగా ఆస్పత్రికొచ్చారు. వస్తూ వస్తూ ఉత్తమ స్టాల్ బహుమతి తెచ్చారు. ఆ ఏడు అది మనకే వచ్చింది మరి. “ఇది మీదే మాస్టారూ” అని మంచం మీద పెట్టారు. పట్టుకోడానికి నాకు చెయ్యి చాలక మా ఆవిడ పట్టుకుని నిలబడింది, ఫోటో తీశారు. ఆ ఫోటో మన రిసెప్షన్‌లో ఉంది, మీరంతా రోజూ దాని ముందు నుంచే లోపలికొస్తారు. నన్ను తీసుకెళ్ళాక మెషిన్ మీద గుడ్డ కప్పి, తుడిచి, మర్నాడు పొద్దున మళ్ళీ మూత లేకుండానే నడిపారని నాకు ఆ తర్వాతెప్పుడో తెలిసింది. ఆ వార్త విన్న రోజు మటుకు నాకు ఏడుపొచ్చింది. వేళ్ళు పోయినప్పుడు రాలేదు.

ఇవాళ ఈ చొక్కా బొత్తాలు మా ఆవిడే పెట్టింది. పెడుతూ, “వెళ్ళు, నాలుగు మంచి మాటలు చెప్పి, ఇచ్చింది పుచ్చుకుని వచ్చెయ్. ఎద్దు పుండు కాకికి నొప్పా? నీ బాధ చెబితే వాళ్ళకేమన్నా పడుతుందా?” అని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది. సరేనన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకునేం లాభం, థాంక్స్ చెప్పి వచ్చేద్దామనే ఇంట్లోంచి బయల్దేరాను. వచ్చి చూస్తే ఈ బల్ల మీద ఇది ఉంది.

వెనక వాళ్ళకి కనపడదేమో, చెబుతాను. వచ్చే నెల ప్రదర్శనకి మన స్టాల్ నమూనా ఇది. నా సన్మానానికి ముందు దీన్ని ఆవిష్కరించారు కదా, ఒకే హాలు, ఒకే టీ, ఖర్చు కలిసొస్తుంది. థర్మోకోల్ గోడలు, వెల్వెట్ ముక్కతో తివాచీ, గోరంత చాక్లెట్ గిన్నె, అందులో ఆవాలంత చాక్లెట్లు. మధ్యలో మెషిన్. అందులో బ్లేడుకి వెండిరేకు అంటించారు, దీపం పడితే తళుక్కుమంటోంది. మెషిన్ మీద మూత లేదు. చాక్లెట్లు మర్చిపోని మేడమ్ గారు మూత మర్చిపోతారా? తల దించుకోకండి మేడమ్, మీరెన్నిసార్లు చెప్పి ఉంటారో నేనూహించగలను. మెషిన్ పక్కన జడేసుకున్న బొమ్మ ఒకటి నిలబడి ఉంది. ఆ బొమ్మ ఎవరో ఇందాక ఎం.డి. గారు ప్రకటించారు. మా చెల్లెలి కూతురు, నా మేనకోడలు. మీరంతా చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు, దానికి కారణం మీరనుకున్నది కాదు.

ఆ పిల్లని ఇక్కడికి తీసుకొచ్చింది నేనే, అట్ట పట్టుకోవడం నేర్పింది నేనే. నాకన్నా చురుకు, నాకన్నా నవ్వుముఖం, జనంతో నాకన్నా బాగా మాట్లాడుతుంది. ఇందాక టీ ఇచ్చేటప్పుడు నా దగ్గరికొచ్చి, మెల్లగా, “మామయ్యా, ఇవాళేం అనకు. నీకు దండం పెడతాను” అంది.

“మూత లేదు, చూశావా?” అన్నాను.

“చూశాను. ఈ ప్రదర్శన బాగా చేస్తే పర్మనెంట్ చేస్తామన్నారు. చేయనంటే చేసేవాళ్ళు వెనకే ఉన్నారు. ఐదు వేళ్ళూ నోట్లోకి వెళ్ళాలి కదా మామయ్యా.”

అనేసి, తనేమందో తనకే తట్టి, నాలిక కరుచుకుంది. నేను నవ్వేశాను, ఏం చేయను?

ఎం.డి. గారూ, కోపం తెచ్చుకోకండి. మీ ఉప్పు తిన్నవాణ్ణి, మీ ఎదుటే అడుగుతున్నాను, వెనక గొణగడం నాకు చేతకాదు. మూత పెట్టి నడిపించండి. ప్లాస్టిక్ మూతే చేయించండి, వీడియో బాగా రాకపోతే రాకపోనివ్వండి. జనం తగ్గుతారు, తగ్గనివ్వండి. ఈ పూలగుత్తి, ఈ గడియారం, మీరు ప్రేమతో ఇచ్చారు, కాదనను. వాటికి బదులు ఆ మూతొక్కటి ఇచ్చి ఉంటే నేను మాట్లాడకుండా కూర్చునేవాణ్ణి.

(వేదిక మీద మాటలు)

ప్రొడక్షన్ మేనేజర్ గారేదో అంటున్నారు. “కందకి లేని దురద కత్తిపీటకెందుకు? నడిపే పిల్ల నడుపుతానంటుంటే మధ్యలో ఈయనకేంటి?” అంటున్నారు. సార్, మైకు మీ వైపే ఉంది, అందరికీ వినపడింది. (నవ్వులు, ఆగిపోతాయి) న్యాయంగానే అడిగారు. అయితే కందనే అడుగుదాం. డెమో విభాగంలో ఉన్నవాళ్ళంతా నా దగ్గర నేర్చుకున్నవాళ్ళే, నా చెయ్యి చూసినవాళ్ళే. మీలో ఎవరైనా సరే, మూత తీసిన మెషిన్ నేను నడుపుతాను అనేవాళ్ళుంటే చెయ్యెత్తండి. మొహమాటం వద్దు. నాకు మీ సంగతి తెలుసు, ఒక్క చెయ్యి కూడా లేవదు.

(హాలంతా కలయజూస్తారు)

చూశారా సార్? ఇంతమందిలో ఒక్కరంటే ఒక్కరు కూడా...

(చూపు మూడో వరస మీద నిలుస్తుంది)

అమ్మలూ. దించెయ్ అమ్మా.

మామయ్య అడుగుతున్నాను కదా, దించు.

(మేనకోడలు తల అడ్డంగా ఊపుతుంది)

సరే. దించదట.

ఎం.డి. గారూ, నన్ను చూడకండి, అటు చూడండి. మూడో వరసలో, నీలం చొక్కా వెనక. మీరంతా కూడా ఒక్కసారి అటు తిరగండి, మా ఆవిడని కూడా చూడనివ్వండి. కుడి చెయ్యి ఎత్తింది. ఐదు వేళ్ళతో నిండుగా ఉంది. చిటికెనవేలికి గోళ్ళరంగు వేసుకుంది. నన్ను ఇన్నేళ్ళు భరించినందుకు, ఇవాళ పిలిచి ఇంత గౌరవం చేసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నా చెయ్యి మునుపెలా ఉండేదో ఇక్కడ ఎవరికీ గుర్తుండదు, ఎవరూ ఎప్పుడూ పనిగట్టుకుని చూసింది లేదు. ఈ చేతినైనా బాగా చూసి పెట్టుకోండి.

సెలవు.